డిగ్రీ సీటు నుంచి పీహెచ్‌డీ దాకా అంతా ఆన్‌లైన్.. పిల్లలు ఆగిపోతున్నది ఎక్కడ?

ఇంటర్ పాసైన అమ్మాయి డిగ్రీలో చేరాలంటే నల్గొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా ముందుగా అడిగేది మార్కుల మెమో కాదు, ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్. చాలా ఇళ్లలో ఆ నంబర్ తండ్రిది. తండ్రేమో పని మీద హైదరాబాద్‌లోనో, దుబాయ్‌లోనో ఉంటాడు. ఓటీపీ అక్కడికి పోతుంది, అమ్మాయి ఇక్కడ ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఎదురుచూస్తుంది. యూనివర్సిటీ చదువులోకి టెక్నాలజీ ఎంతగా వచ్చిందో, అది ఎవరికి ఎక్కడ అడ్డం పడుతోందో చెప్పడానికి ఈ ఒక్క దృశ్యం చాలు.

ఉస్మానియా యూనివర్సిటీ పరిధిలో ఉన్న ఈ రెండు ప్రాంతాలకు సొంత యూనివర్సిటీలు వచ్చి రెండు దశాబ్దాలు కూడా కాలేదు. నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో ఏర్పడ్డాయి. సూర్యాపేట, భువనగిరి కాలేజీలు మొదటి దాని కిందకు, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, నారాయణపేట కాలేజీలు రెండో దాని కిందకు వస్తాయి. ఇంత దూరాల్లో ఉన్న కాలేజీలను కాగితాలతో నడపడం కష్టం. అందుకే టెక్నాలజీ ముందుగా క్లాస్‌రూమ్‌లోకి కాకుండా ఆఫీసులోకి వచ్చింది.

దోస్త్‌తో మేలు, చిక్కు

2016లో మొదలైన దోస్త్ విధానం డిగ్రీ అడ్మిషన్ల తీరునే మార్చేసింది. అంతకుముందు ఒక్కో కాలేజీ చుట్టూ తిరిగి ఒక్కో అప్లికేషన్ కొనాల్సి వచ్చేది. ఇప్పుడు ఒకే దరఖాస్తుతో ఉస్మానియా నుంచి పాలమూరు దాకా ఏ కాలేజీనైనా ఎంచుకోవచ్చు. ఎవరి సిఫారసూ అక్కర్లేదు, మార్కులను బట్టి సీటు వస్తుంది. పేద కుటుంబానికి ఇది నిజంగా పెద్ద మేలు.

కానీ గడువు తప్పితే వినే మనిషి లేడు. సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు పోయినట్టే. మెసేజ్ వచ్చిన ఫోన్ ఇంట్లో లేకపోతే సీటు వచ్చిన సంగతే తెలియదు.

పేరు దగ్గరే పేచీ

ముస్లిం కుటుంబాలకు ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పదో తరగతి మెమోలో ‘ఎండీ’ అని ఉంటుంది. ఆధార్‌లో ‘మొహమ్మద్’ అని పూర్తిగా ఉంటుంది. అమ్మాయిల పేరు చివర ఒక కాగితంలో ‘బేగం’ ఉంటే, మరో కాగితంలో ఉండదు. చూసే మనిషికి ఇద్దరూ ఒక్కరే అని అర్థమవుతుంది. కంప్యూటర్‌కు మాత్రం వాళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులు.

ఇది చిన్న విషయం కాదు. 2021లో యూజీసీ తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో విద్యార్థి సంపాదించిన క్రెడిట్లన్నీ ఒకే ఐడీ కింద జమ అవుతాయి. మధ్యలో చదువు ఆగినా ఆ క్రెడిట్లు ఏడేళ్ల దాకా పనికొస్తాయి. పెళ్లి వల్లో, ఇంటి ఇబ్బంది వల్లో చదువు మానేసిన అమ్మాయి తిరిగి రావడానికి ఇదొక తలుపు. అయితే ఆ ఐడీ ఆధార్ ఆధారంగా వస్తుంది. యూనివర్సిటీ రికార్డులో పేరు, పుట్టిన తేదీ దానితో కలవకపోతే లింక్ కాదు, ఆ తలుపు తెరుచుకోదు.

స్కాలర్‌షిప్‌లదీ అదే దారి. ఈపాస్‌లో దరఖాస్తు చేయాలంటే మీసేవ నుంచి ఆదాయ ధ్రువపత్రం, బీసీ-ఈ కింద వచ్చేవారికి కుల ధ్రువపత్రం కావాలి. దరఖాస్తు నిమిషాల్లో వెళ్తుంది, స్టేటస్ కూడా కనిపిస్తుంది. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు విడుదల కావాల్సింది ఖజానా నుంచి. బకాయిలు పేరుకుపోతే కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతున్నాయి. ఇది సాఫ్ట్‌వేర్ తీర్చగల సమస్య కాదు.

బోధనలో సగం దారి

2020లో కరోనా వచ్చినప్పుడు క్లాసులు ఫోన్లలోకి మారాయి. ఇంటికి ఒకే స్మార్ట్‌ఫోన్ ఉన్నచోట అది ముందుగా మగపిల్లాడి చేతికే వెళ్లింది. ఆ తర్వాత క్లాస్‌రూమ్‌లు తెరుచుకున్నా, ఆన్‌లైన్ పాఠాలు మిగిలాయి. స్వయం పోర్టల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల కోర్సులు ఉచితంగా వినొచ్చు. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా అలా చదివేందుకు యూజీసీ 2021 నిబంధనలు యూనివర్సిటీలకు వీలిచ్చాయి. కానీ వాటిలో ఎక్కువ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. ఉర్దూ మీడియంలోనో, తెలుగు మీడియంలోనో చదివి వచ్చిన పిల్లలకు పక్కన కూర్చుని విడమరిచి చెప్పే లెక్చరర్ ఉంటేనే ఆ పాఠం పాఠమవుతుంది.

పరిశోధనకు తెరిచిన గ్రంథాలయం

పరిశోధనలో మార్పు నిశ్శబ్దంగా జరిగింది. దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు లక్షల్లో ‘శోధ్‌గంగ’లో ఉచితంగా దొరుకుతున్నాయి. 2018 నిబంధనల ప్రకారం ఇతర రచనలతో పోలిక 10 శాతం దాటితే థీసిస్‌ను వెనక్కి పంపుతారు, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’కు మూడేళ్లకు రూ.6,000 కోట్లు కేటాయించారు. దాని ద్వారా దాదాపు 13 వేల జర్నల్స్ ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. ఇది ప్రభుత్వ సంస్థలకు ఉద్దేశించిన పథకం. పల్లెల్లోని ప్రైవేటు డిగ్రీ కాలేజీల పిల్లలకు ఆ తలుపు ఇంకా మూసే ఉంది.

ఉర్దూ పరిశోధకులకు మరో కష్టం ఉంది. పాత ఉర్దూ పుస్తకాలు చాలావరకు ఫొటోలుగా స్కాన్ అయ్యాయి. పేజీ కనిపిస్తుంది గానీ, అందులో మాట వెతికితే దొరకదు.

ఇప్పుడు చేయాల్సింది

కొంత పని ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉండగానే స్కూల్ రికార్డు, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరులోని ప్రతి అక్షరం సరిచూడాలి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి తొందరపడి మార్చకూడదు. ఆధార్‌కు లింక్ చేసే నంబర్ ఇంట్లో ఉండే ఫోన్‌దై ఉండాలి. వీలైతే అమ్మాయికి సొంత నంబర్ ఇవ్వాలి.

మిగతాది యూనివర్సిటీల బాధ్యత. ప్రతి కాలేజీలో అడ్మిషన్ల రోజుల్లో ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడే ఒక మనిషి హెల్ప్‌డెస్క్‌లో కూర్చుంటే చాలా సీట్లు నిలుస్తాయి. ‘ఎండీ’, ‘మొహమ్మద్’ ఒకే పేరని కంప్యూటర్‌కు నేర్పించడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. అడగాల్సింది మాత్రం తల్లిదండ్రులే, మసీదు కమిటీలే, స్థానిక ప్రజాప్రతినిధులే.