అంబేడ్కర్ గారు ఊరిని తిట్టారా?

మొన్న ఎరువుల కొట్టు దగ్గర ఒక తమ్ముడు అడిగాడు, "అంబేడ్కర్ గారికి పల్లెటూళ్ళంటే పడదంట కదా బాబాయ్" అని. అక్కడ నలుగురూ నాలుగు మాటలు, సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నా. కాస్త పొడుగే, ఓపిక చేసుకోండి.

ఆ మాట నిజమే. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదా ప్రవేశపెడుతూ ఆయన ఊరిని గట్టిగానే అన్నారు. అజ్ఞానం, ఇరుకు మనసు, నా ఊరు నా వాళ్ళు అనే పట్టింపు పేరుకుపోయిన చోటు అన్నారు. ముసాయిదా ఊరిని పక్కనపెట్టి మనిషిని లెక్కలోకి తీసుకున్నందుకు సంతోషం అని కూడా అన్నారు.

మొదటిసారి చదివినప్పుడు నాకూ కాలింది. సభలో చాలామందికి కాలింది. మన నిడుబ్రోలు రంగా గారైతే బాగా నొచ్చుకున్నారు. దక్షిణాదిలో పంచాయతీలు వెయ్యేళ్ళపాటు ఏం చేశాయో తెలిస్తే ఆయన ఇలా అనేవారు కాదన్నారు. ప్రకాశం పంతులు గారూ పంచాయతీల వైపే. ఆఖరికి నవంబరు 22న సంతానం గారు సవరణ తెస్తే అంబేడ్కర్ గారు ఒప్పేసుకున్నారు. అదే 40వ అధికరణం. ఆదేశిక సూత్రం కాబట్టి, అమలు చెయ్యమని కోర్టుకెళ్ళేది కాదు.

నాకు అర్థమైనంతలో అసలు పేచీ మనిషి ఎలాంటివాడు అన్న దగ్గరే. నలుగురి మధ్య బతికేవాడు నలుగురికీ జంకుతాడు, ఊరే వాణ్ణి మంచిగా ఉంచుతుంది అని ఒక నమ్మకం. ఆ నలుగురూ ఒక్కటై ఐదోవాణ్ణి తొక్కితే అడిగేదెవరు అని రెండో అనుమానం.

మాది కాలువ చివరి భూమి. ఎగువ రైతులు చెడ్డవాళ్ళేం కాదు, మా అమ్మాయి పెళ్ళికి పందిరి వేసింది వాళ్ళే. వరి పొట్ట మీద ఉన్నప్పుడు రాత్రిపూట తూము దగ్గర అడ్డం పెట్టేదీ వాళ్ళే. దాచడం దేనికి, రెండేళ్ళు ఎగువన మూడెకరాలు కౌలుకు చేసినప్పుడు నేనూ అదే పని చేశాను. వంతులు కాగితం మీద రాసుకుని అందరం సంతకాలు పెట్టాకే కొట్లాట తగ్గింది.

నాకు పోయింది నాలుగు వంతుల నీళ్ళు. ఊరి బావి దగ్గరికే రానివ్వని వాళ్ళలోంచి వచ్చిన మనిషి ఆయన. ఊరి మంచితనం ఆయన లెక్కలోకి రాలేదంటే తప్పు పట్టగలమా?

పైగా ఆయన అనుమానం ఊరి ఒక్కదాని మీదే కాదు. 1949 నవంబరు 25న, రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అన్నారు. అంటే నాయకుణ్ణీ నమ్మలేదన్నమాట. అంత అనుమానం ఉన్న మనిషి నడిపిన రాజ్యాంగంలో, ఆస్తి అడక్కుండా, చదువు అడక్కుండా 21 ఏళ్ళు నిండిన అందరికీ ఓటు వచ్చింది. తెల్లవాడి కాలంలో శిస్తు కట్టేవాడికి, చదువుకున్నవాడికి ఉండేది. మన నెల్లూరు వైపు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు, సామాన్యుడి మీద నమ్మకంతోనే ఆ పని చేశామన్నారు. నాకు ఇదే అన్నిటికన్నా పెద్ద తెగింపు అనిపిస్తుంది.

ఒక్క దగ్గర మాత్రం ఆయనతో నాకు పేచీ ఉంది. ఊరు అంత చెడ్డదైతే ఊళ్ళోకే కట్టుబాటు రాయాలి గానీ వదిలేస్తే ఎలా? రాయనన్నాళ్ళూ పెద్దమనుషులదే రాజ్యం అయింది. 73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చాకే ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు పంచాయతీలో సీట్లు ఖాయమయ్యాయి. నలభై ఏళ్ళు దాటిపోయింది.

ఇప్పుడు మా ఊళ్ళో ఈసారి సర్పంచి ఏకగ్రీవం అంటున్నారు. గుడికి ఎక్కువ ఇచ్చేవాడికే పదవి అని రచ్చబండ దగ్గర పదిమంది కూర్చుని తేల్చారు. ఊరంతా ఒక్కమాట మీద ఉంది అని నాతో చెప్పారు. ఆ పదిమందిలో ఆడమనిషి ఎవరు, కాలనీ నుంచి వచ్చిందెవరు అని అడిగాను. వారం అయింది, ఇంకా ఎవరూ పేరు చెప్పలేదు.