తూర్పు గుమ్మం చూశారు సరే, పొగగొట్టం చూశారా?



అమెరికాలో ఇల్లు కొనే తెలుగువారి కోసం మీరు పత్రికలో వేసిన వ్యాసం చదివాను. రూఫు, బేస్‌మెంటు, ఫర్నేసు, ఆఖరికి వాస్తు కూడా వచ్చాయి. ఫైర్‌ప్లేసు ఊసే లేదు. అది ఉన్న ఇంటిని చూసి మనవాళ్లు ముచ్చటపడతారు, దాని గొట్టంలో ఏముందో మాత్రం అడగరు.

హోమ్ ఇన్‌స్పెక్టర్ చూశాడుగా అంటారు. ఆయన చూసేది కింద నుంచి టార్చిలైటు పడినంత మేరకే. గొట్టం లోపలంతా పరీక్షించడం ఆయన పని కాదు. ఆ సంగతి సాధారణంగా రిపోర్టులోనే ఉంటుంది, మనమే చదవం. చిమ్నీలకు ఇక్కడ ప్రమాణమైన ఎన్‌ఎఫ్‌పీఏ 211 ఏటా తనిఖీ చేయించాలంటుంది. ఇల్లు చేతులు మారేటప్పుడైతే 'లెవెల్ 2' పరీక్ష కావాలి. అంటే గొట్టంలోకి కెమెరా దించి, అటక మీద కనిపించే భాగాన్ని కూడా చూడాలి.

మా ఇంట్లో ఆ కెమెరా దింపినప్పుడు తెర మీద కనిపించినవి ఇవి: గొట్టం లోపలి మట్టి పలకల మీద నిలువునా పగులు, పక్కనే తారు పూసినట్టు నల్లగా మెరిసే పొర. అది క్రియోసోట్. పచ్చికట్టెల పొగ చల్లటి గొట్టానికి తగిలి ఇలా పేరుకుంటుంది. మామూలు మసిలా బ్రష్షుకు రాలదు. అంటుకుంటే గొట్టంలోనే మండుతుంది. ఒక్కోసారి ఆ మంట ఇంట్లోవాళ్లకు తెలియకుండానే ఆరిపోయి, పలకల్ని పగలగొట్టి పోతుంది. మళ్లీ వెలిగించినప్పుడు ఆ పగుళ్లలోంచి వేడి గోడలోని చెక్కకు తగులుతుంది. ఇక్కడి ఇళ్లకు చట్రం చెక్కే కదా! మాకు ముందున్నవాళ్లు ఏం కాల్చారో ఏమో.

"భోగినాడు తప్ప మేం వెలిగించం" అనేవారూ ఉన్నారు. ఆ ఒక్కరోజూ అట్టపెట్టెలు, రంగు వేసిన చెక్కలు వేస్తే అదీ ముప్పే. పైగా వాడని గొట్టంలో పక్షులు గూడు కడతాయి. చిమ్నీ స్విఫ్ట్ అనే పిట్టకు ఫెడరల్ చట్టం రక్షణ ఉంది, గుడ్లున్న గూటిని తీయకూడదు. గ్యాసు ఫైర్‌ప్లేసుకూ మినహాయింపు లేదు. దాని గొట్టం మూసుకుపోతే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుంది. అలారం పెట్టుకోవాల్సిందే, కానీ అది తనిఖీకి బదులు కాదు.

చిమ్నీ శుభ్రం చేస్తామని చవక కూపన్‌తో వచ్చి వేల డాలర్ల మరమ్మతు అంటగట్టేవాళ్లు లేకపోలేదు. అందుకే చిమ్నీ పనివారికిచ్చే సీఎస్‌ఐఏ సర్టిఫికెట్ ఉందా అని అడగండి, వీడియో తీసుకోండి, పెద్ద ఖర్చు చెబితే ఇంకొకరికి చూపించండి.

ఇల్లు కొనేవారికి ఒక్క మాట. ఒప్పందంలో ఇన్‌స్పెక్షన్ గడువు ముగిసేలోపే ఈ పని చేయించండి. ఆ తర్వాత బయటపడే మరమ్మతు ఖర్చు మామూలుగా కొన్నవారి నెత్తినే పడుతుంది.

— ఒక పాఠకుడు, న్యూజెర్సీ