లెక్క చెప్పవలసిన కాలము

అక్కన్నపేట ప్రాంతమున నీటి విలువను ఎవరికిని బోధింప నక్కరలేదు. చెరువు నిండిన యేడు పంట, ఎండిన యేడు వలస. ఈ మెట్టనేల వారి అనుభవము ఇదియే. ఆ కొరతను తీర్చుటకై తలపెట్టిన గౌరవెల్లి జలాశయము మొదట 1.41 టి.ఎం.సి.లకు ఉద్దేశింపబడి, పిదప 8.23 టి.ఎం.సి.లకు పెంపబడెను. దానికై గుడాటిపల్లి వాసులు ఇండ్లను, పొలములను వదలుకొనిరి. పరిహారమునకై వారు చేసిన ఆందోళన 2022 జూన్ మాసమున రాష్ట్రమంతట వినబడెను. ఈ జిల్లాలోనే 50 టి.ఎం.సి.ల మల్లన్నసాగరమునకై వేములఘాటు, ఏటిగడ్డ కిష్టాపురము మొదలగు గ్రామములు నీట మునిగినవి. ఆ సాగరము నుండి హైదరాబాదునకు నీటిని కొనిపోవు గోదావరి రెండవ దశ పథకమునకు 2025 సెప్టెంబరు 8వ తేదీన శంకుస్థాపన జరిగినది.

నగరవాసులు దాహము తీర్చుకొనుటను మేము కాదనము. కాని ఊళ్లు ముంచి తెచ్చు నీటిలో ప్రతి బిందెకును లెక్క యుండవలెను. ఆ లెక్క చెప్పవలసినవారిలో నేడు కంప్యూటరు కంపెనీలు మొదటి వరుసలో నున్నవి.

కంప్యూటరు పని పొగ లేని పని గనుక ప్రకృతికి కీడు లేని పని యని జనులలో ఒక భ్రమ కలదు. పొగగొట్టము మాదాపురమున కనబడదు, నిజమే. అది రామగుండమున కనబడును. బొగ్గు కాలి పుట్టిన విద్యుత్తుతో డేటా కేంద్రములలో వేలకొలది సర్వర్లు రాత్రింబవళ్లు నడచుచున్నవి. అవి మ్రింగిన విద్యుత్తంతయు తుదకు వేడిగానే మారును. ఒక యూనిట్టు విద్యుత్తు పుట్టించు వేడిని కేవలము నీటిని ఆవిరి చేసియే పోగొట్టవలెనన్నచో సుమారు లీటరున్నర నీరు కావలయును. నీరు వద్దని యంత్రములతో చల్లబరచిన విద్యుత్తు ఖర్చు పెరుగును. ఈ రెండింటిలో నేది యెంత వాడుచున్నారో తెలియనిదే మంచిచెడ్డలు తేల్చుట అసాధ్యము.

ఈ వ్యయము స్వల్పము గాదు. 2024లో ప్రపంచపు డేటా కేంద్రములు సుమారు 415 టెరావాట్ అవర్ల విద్యుత్తును, అనగా లోకమునందలి మొత్తము వాడకమున నూటికి ఒకటిన్నర వంతును వాడినవనియు, 2030 నాటికి అది రెండింతలు దాటుననియు అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. మన గడ్డపై మైక్రోసాఫ్టు 2022 మార్చిలో హైదరాబాదు కేంద్రములను ప్రకటించెను. అమెజాను కేంద్రములు ఆ యేటి నవంబరులో ప్రారంభమైనవి. విశాఖపట్టణమున గూగులు తలపెట్టిన మహాకేంద్రము 2025 అక్టోబరులో ప్రకటింపబడినది.

ఈ కంపెనీలు తమ ప్రతిజ్ఞలను చూపుదురు. 2030 నాటికి తాము వదలు కర్బనముకంటె ఎక్కువ తొలగింతుమని మైక్రోసాఫ్టు 2020లో ప్రతిన పూనెను. నాలుగేండ్లకు ఆ కంపెనీ నివేదికయే తన ఉద్గారములు నూటికి 29 వంతులు పెరిగినవని ఒప్పుకొన్నది. ఒప్పుకొన్నందుకు మెచ్చుకొందము, ఐనను ప్రతిన వేరు, ఫలితము వేరు. పగటి సౌరవిద్యుత్తును ఎక్కడనో కొని, రాత్రి బొగ్గు విద్యుత్తుతో పని నడపి, సంవత్సరాంతమున రెండును సరిపోయినవనుట పుస్తకములలో సరిపోవునేమో గాని ఆకాశమున సరిపోదు.

చేయగోరినచో మార్గము లేకపోలేదు. పోచారములోని ఇన్ఫోసిస్ ప్రాంగణమున ఒకే భవనమును రెండు భాగములు చేసి, ఒక సగమున వాడుకలోనున్న ఏసీ పద్ధతిని, రెండవ సగమున పైకప్పు పలకలలో చల్లని నీటిని పారించు పద్ధతిని అమర్చి, రెండింటి ఖర్చును కొలిచి చూచిరి. రెండవ సగమున సుమారు మూడవవంతు విద్యుత్తు తగ్గినది. కొలిచిరి గనుకనే తెలిసినది.

మేము కోరునవి మూడు. మొదటిది, ప్రతి డేటా కేంద్రమును వేరువేరుగా, ఎన్ని యూనిట్లు, ఎన్ని లీటర్లు, ఏ మూలమునుండి వాడినదో ఏటేట తెలుగులో ప్రకటింపవలెను. సెబీ నియమము 2022-23 నుండి మొదటి వేయి లిస్టెడు కంపెనీలను వివరము లిమ్మనుచున్నది. కాని అది ప్రధానముగా కంపెనీ మొత్తపు లెక్క. మన మార్కెట్టున లేని విదేశీ కంపెనీలకు అది వర్తింపదు. ఈ లోటును రాష్ట్రప్రభుత్వము భూమిని, రాయితీలను ఇచ్చునపుడే షరతుగా పూరింపవచ్చును. రెండవది, చల్లబరచుటకు శుద్ధిచేసిన మురుగునీటినే ముందు వాడవలెను. త్రాగునీరు తుది గతి కావలెను. మూడవది, పనిచేయు యంత్రమును చెత్తపాలు చేయరాదు. విండోస్ పదికి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14న నిలిచినంతనే ఎన్నో మంచి కంప్యూటర్లు పనికిరానివిగా లెక్కకు వచ్చినవి. వాటిని మరమ్మతు చేసి, వేరు సాఫ్టువేరు వేసి, పల్లెబడులకును పఠనాలయములకును ఇచ్చుట యుక్తము. నిజముగా పాడైనవానిని 2023 ఏప్రిలు నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమముల ప్రకారము రిజిస్టరైన శుద్ధికర్తలకే అప్పగింపవలెను.

కంపెనీలు కదలిపోవునని కొందరు భయపెట్టుదురు. లెక్క అడిగినంతనే పారిపోవు వర్తకుడు మనకేల? ఈ పరిశ్రమ మన బిడ్డలకు అన్నము పెట్టుచున్నది. అది వర్ధిల్లవలెననియే మా కోరిక. మల్లన్నసాగరపు నీరే ఈ యంత్రశాలలకు పోవునని మేము అనుటలేదు. నగరమున నీరు ఎక్కడ దుబారా యైనను ఆ లోటు పూడ్చుటకు మరియొక పల్లె వైపే చూతురని మాత్రము అనుచున్నాము. ఆ కంపెనీలలో పనిచేయు మన యువకులారా, మీ కార్యాలయమున ఈ ప్రశ్న వేయుడు. శాసనసభ్యులారా, సభలో వేయుడు. గుడాటిపల్లి వాడు తాను వదలుకొన్న దానిని గుంటలతో సహా చెప్పగలడు. దాని ఫలమును అనుభవించువారు లీటర్లతో సహా చెప్పలేరా?