గవాక్షి మీద బండ

మొన్న సంక్రాంతికి కడప జిల్లాలో మా మేనత్తగారి ఊరు వెళ్లాను. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న ఆవిడ మనుమడూ వచ్చి ఉన్నాడు. భోజనాలయ్యాక వాడు సెల్‌ఫోనులో ఏదో సినిమా చూస్తుంటే, మా అత్త పక్కన చేరింది. కునుకు తీస్తున్న నేనూ కాసేపటికి లేచి కూర్చున్నాను.

ఆ సినిమా పేరు ‘ఫర్ సమా’. 2019లో వచ్చింది. తీసినావిడ వాద్ అల్‌కతీబ్. సిరియాలో అలెప్పో నగరంలో చదువుకుంటున్న అమ్మాయి. అక్కడ తిరుగుబాటు రేగిన రోజుల్లో చేతిలో ఉన్న ఫోనుతోనే తీయడం మొదలుపెట్టింది. ఓ డాక్టరును పెళ్లాడింది. 2016లో కూతురు పుట్టింది, పేరు సమా. నగరం ముట్టడిలో ఉంది. నెత్తిన బాంబులు. ఆసుపత్రే సంసారం. ఆ ఏడు డిసెంబరులో ఊరు విడిచేదాకా కెమేరా దించలేదు. తరువాత ఎడ్వర్డ్ వాట్స్ అనే దర్శకునితో కలిసి, అదంతా బిడ్డకు రాసిన ఉత్తరంలాగా కూర్చింది. 2020లో బ్రిటన్‌వారి బాఫ్టా బహుమతి అందుకుంది.

అందులో ఒకచోట, తిండి కరువైన ఆ రోజుల్లో, ఒకాయన ఎక్కడినుంచో ఒకే ఒక్క పండు తెచ్చి భార్య చేతిలో పెడతాడు. ఆ ఇల్లాలి ముఖం చూడాలండీ! బయటినుంచి వచ్చినవాడు కూలిన మేడలు తీసుకొని పోయేవాడు. ఈ పండు వాడి కంట పడేదా?

మా అత్త ఉన్నట్టుండి అడిగింది: “దీన్ని తీసినోళ్లెవురురా?”

“ఆ పాప తల్లేనంట, అవ్వా.”

“బిడ్డను సంకనేసుకోనే?”

“ఆఁ.”

కాసేపు ఊరుకొని అన్నది: “మన గవాక్షి మీద బండ పెట్టినప్పుడు ఎవురూ తీయకపోయిరి.”

మిద్దె ఇళ్లు ఎరుగని పాఠకులకు చెప్పాలి. గవాక్షి అంటే వంటింటి కప్పులో వెలుతురుకూ పొగకూ వదిలే కంత. ఊళ్లో కక్షలు ముదిరిన కాలంలో, అందులోంచి నాటుబాంబు వేస్తారేమోనన్న భయంతో దానిమీద కడప బండ మూసేశారట. పదేండ్లు ఆవిడ పట్టపగలు దీపం పెట్టుకొని, పొగలో దగ్గుతూ సంగటి కెలికింది.

మన కక్షలు దేశాల యుద్ధం కావు, నిజమే. కాని ఇంట్లో బాంబు పడుతుందని నిద్రపోని వాళ్లకు ఆ తేడా ఎవరు చెబుతారు?

సీమ కక్షలమీద సినిమాలు రాలేదా అంటే, కొల్లలుగా వచ్చాయి. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’, 2003లో ‘ఒక్కడు’. కర్నూలు కొండారెడ్డి బురుజు ఆంధ్రదేశమంతటికీ తెలిసిపోయింది. నేనూ టిక్కెట్టు కొని చూసి ఈలలు విన్నవాణ్ణే. అయితే వాటిల్లో మా అత్త వంటిల్లు లేదు.

ఎందుకు లేదో జహీరాబాదు దగ్గర పస్తాపూరు ఆడవాళ్లు చెప్పగలరు. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ సంఘాల్లోని స్త్రీలకు వీడియో కెమేరా నేర్పింది. చాలామంది దళితులు, బడి ముఖం చూడనివారు. విత్తనాలమీద, సేద్యంమీద తామే సినిమాలు తీశారు. షాట్లకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూపితే ‘పటేలు షాటు’. కూలివాణ్ణి దొర చూసే చూపది. కిందినుంచి పైకి చూపితే బానిస షాటు. కంటికి కన్ను సమంగా ఉంటే ‘సంఘం షాటు’; సంఘంలో అందరూ నేలమీదే కూర్చుంటారు గనుక.

మన కక్షల సినిమాల్లో నాయకుణ్ణి ఎప్పుడూ కిందినుంచి పైకే చూశాం. అంత ఎత్తుకు మెడ సాచినవాడికి పొయ్యి దగ్గరి మనిషి ఎలా కనబడుతుంది?

పాలస్తీనాలో బిలిన్ అనే పల్లెలో ఇమాద్ బుర్నాత్ అనే రైతు, నాలుగో కొడుకు పుట్టినప్పుడు 2005లో కెమేరా కొన్నాడు. పిల్లవాణ్ణి తీద్దామనే. ఇంతలో ఊరి పొలాలకు అడ్డంగా గోడ వచ్చింది. దాన్ని ఎదిరించిన ఊరివాళ్లను తీస్తూంటే, ఒకటి పగిలితే ఇంకొకటిగా అయిదు కెమేరాలు పోయాయి. 2011లో గై డేవిడీ అనే ఇజ్రాయెలు దర్శకునితో కలిసి చేసిన సినిమాకు ‘ఫైవ్ బ్రోకెన్ కెమేరాస్’ అనే పేరు పెట్టాడు. కొడుకు పెరగడమూ, చెట్లు కూలడమూ అందులో పక్కపక్కనే ఉంటాయి.

మనుమడు ఫోను పట్టుకొని లేచి నిలబడ్డాడు. “అవ్వా, ఆ బండ సంగతి మళ్లీ చెప్పు.”

“నెత్తిన నిలబడితే ఏం చెప్పేదిరా? కూచో.”

కూర్చున్నాడు. అరగంట చెప్పింది. బాంబు వేసినవాళ్ల పేరు ఒక్కటీ ఎత్తలేదు. చీకట్లో ఉప్పనుకొని చక్కెర వేసిన పప్పుందీ, బండ తీసిన నాడు వంటింట్లో పడిన ఎండలో పిల్లలు చేతులు పెట్టి ఆడుకోవడముందీ.

మీ ఇళ్లలోనూ ఇలాంటి అత్తలుంటారు. వాళ్లకు ఎనభై దాటుతున్నాయి. ఫోను మీ జేబులోనే ఉంది. కింద కూర్చోవడమే ఆలస్యం.