ఒక్క వంట చాలు

ఒకే వంట నమ్ముకుని హోటల్ ఎన్నేళ్ళు నడుస్తుంది? బ్యాంకాక్‌లోని మహాచాయ్ రోడ్డులో తిప్‌సమయ్ అనే హోటల్ 1966 నుంచి నడుస్తోంది. అక్కడి ప్రధానమైన వంట పాడ్ థాయ్ ఒక్కటే. బియ్యంతో చేసిన సేమ్యాలను పెనంలో వేయించి చేస్తారు. దాని కోసం ఇప్పటికీ జనం వరసలో నిలబడతారు.

పేరు కొత్తేగానీ సరుకులు మనకు తెలిసినవే. చింతపండు పులుపు, తాటిబెల్లం తీపి, పైన వేయించి దంచిన చెనిక్కాయ పప్పులు. చేపల సాసు ఒక్కటి పక్కన పెడితే మిగతావి మదనపల్లె అంగళ్ళలో దొరికేవే. ఇది మరీ పాతకాలపు వంట కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఫిబున్ ప్రభుత్వం దీన్ని జాతీయ వంటగా ప్రచారం చేసింది.

ఇక మన సంగతికొద్దాం. పుంగనూరులో మా చిన్నమ్మ బియ్యప్పిండి సేమ్యాలు ఒత్తితే దారం దారంగా విడిపోతాయి. పిండి ఉడికించి, ముద్దలు చేసి, వేడి మీదే ఒత్తాలి. చల్లారిందంటే గొట్టంలో దిగదు. చేతులు కాలుతాయి, భుజాలు లాగుతాయి. కుప్పం వైపు మా బంధువులు రాగిపిండితో చేయించుకోవడానికి కూడా ఈమెనే పిలుస్తారు. ఇన్నేళ్ళలో ఆమె చేతికి ఒక్క రూపాయి రాలేదు. కోడలు ఆదివారాలు ఆర్డర్లు తీసుకుంటానంటే, “సేమ్యాలు అమ్ముకునే ఖర్మ మనకేంటి?” అన్నారు ఇంట్లో మగవాళ్ళు.

ఊరంతా ఊరికే తింటే గౌరవం, డబ్బిచ్చి తింటే ఖర్మా? ఈ లెక్క నాకు మింగుడుపడదు. తిప్‌సమయ్ ఉన్న రోడ్డులోనే జే ఫాయ్ అనే పెద్దావిడ హోటల్ ఉంది. ఆమె పీతల ఆమ్లెట్‌కు పెట్టింది పేరు. డెబ్బై దాటాక కూడా తనే పొయ్యి దగ్గర నిలబడి వండుతూ, 2017లో మిషెలిన్ స్టార్ సంపాదించింది.

ఇంకో మాట. మనలో ఎవరైనా ధైర్యం చేసి చిన్న టిఫిన్ సెంటర్ పెడితే, బోర్డు మీద ఇరవై పేర్లు రాయిస్తాం. సరుకు మిగులుతుంది, చేతులు పడిపోతాయి, ఏదీ బాగా కుదరదు. మీ చేతికి లొంగిన వంట ఒక్కటుంటుంది కదా, దాంతోనే మొదలుపెట్టండి. రోజూ ఒకే రుచి రానివ్వండి. బియ్యానికీ గ్యాసుకూ లెక్క వేసినట్టే మీ కష్టానికీ లెక్క వేయండి. ధర అడిగితే మాత్రం “మీకు తోచింది ఇవ్వండి” అనకండి. అంకె చెప్పండి.