పైన నిలిచేవాడు, కింద మోసేవాడు

మా బుక్కరాయసముద్రం వైపు వయసు మళ్ళినవారికి దొమ్మరాట గుర్తుండే ఉంటుంది. ఊరి నడుమ గడ పాతి, డోలు మోగించగానే ఏ వీధి పిల్లలైనా పరుగున వచ్చి ఒక్కచోట గుమిగూడేవారు. గడ కొసన పొట్ట ఆనించి గిరగిర తిరిగే మనిషిని నోరు తెరచి చూసేవారు. ఆట ముగిశాక గింజలు కొలిచి ఇచ్చి, ఆ కుటుంబాన్ని ఊరి వెలుపలికే సాగనంపేవారు. అంతటి విద్య ఒంటినిండా ఉన్నవారి కులం పేరును మనం తిట్టుగా వాడుకుంటూ వచ్చాము.

అటువంటి విద్యతోనే చీలిపోయిన సమాజాల పిల్లలను దగ్గరకు చేర్చినవారు లోకంలో ఉన్నారు. ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరంలో కాథలిక్, ప్రొటెస్టంట్ క్రైస్తవుల మధ్య 30 సంవత్సరాలపాటు రక్తపాతం సాగింది. ఉత్తర ఐర్లండు కల్లోలం మొత్తంలో సుమారు 3,500 మంది మరణించారు. వీధికీ వీధికీ మధ్య గోడలు లేచాయి, పిల్లల బడులు సైతం వేరు. ఆ కల్లోలం నడుస్తుండగానే, 1985లో, అక్కడ ఒక సర్కస్ పాఠశాల మొదలైంది. బంతులు ఎగరవేయడం, తీగపై నడవడం, ఒకరిపై ఒకరు నిలిచి గోపురం కట్టడం ఇరుపక్షాల పిల్లలకూ అక్కడ నేర్పారు.

సర్కసే ఎందుకు, క్రికెట్ చాలదా అని పాఠకులు అడగవచ్చు. మన ఊళ్ళలో అస్ర్ నమాజు తరువాత మైదానానికి వెళ్ళి చూడండి. జట్లు కట్టడంలోనే ఈ వీధి ఒకవైపు, ఆ వీధి మరొకవైపు అయిపోతాయి. ఆట ముగిసేసరికి పాత గీత మరికొంత లోతుగా పడుతుంది.

తుర్కియేలో జన్మించిన ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో దీనిని పరీక్షించి చూశారు. 22 మంది బాలురను రెండు గుంపులు చేసి పోటీలు పెట్టగా, కొద్ది రోజుల్లోనే వారు బద్ధశత్రువులయ్యారు. తరువాత ఒకే పంక్తిన భోజనం పెట్టారు, కలిపి సినిమా చూపించారు. వైరం తగ్గలేదు సరికదా, పళ్ళేలలోని అన్నం ఒకరిపై ఒకరు విసురుకున్నారు. చివరకు శిబిరానికి నీళ్ళు ఆగిపోయేలా చేసినప్పుడు, అందరూ కలిసి ఆ లోపం వెతకవలసి వచ్చింది. కదలని లారీని ఒకే తాడు పట్టి లాగవలసి వచ్చింది. అటువంటి పనులు ఒకదాని వెంట ఒకటి చేసిన మీదటే వారి మనసులు మెత్తబడ్డాయి. నీటి కటకట తెలిసిన అనంతపురం వారికి ఈ సంగతి వేరే విప్పి చెప్పనక్కరలేదు. ఐక్యత పేరిట మనం జరిపే సభలు, విందులు ఎక్కడ ఆగిపోతున్నాయో కూడా ఇందులో కనబడుతుంది.

మనుషుల గోపురంలో ఓడించవలసిన ఎదుటి జట్టు లేదు. చేతులు, మోకాళ్ళు నేలకు ఆనించి వంగినవాని నడుము మధ్యన కాలు మోపరాదు. తుంటి ఎముకల మీద, భుజాల మీద మాత్రమే బరువు ఉంచాలి. పైకెక్కేవాడు కిందివాని నొప్పిని అడిగి తెలుసుకోవాలి, కిందివాడు కదలకుండా ఉంటానని మాట ఇవ్వాలి. పక్కన మరొకడు పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడాలి. ఆ క్షణంలో వాని పేరు ఇమ్రానా, ఈశ్వరా అని చూసుకునే వీలుండదు.

అయితే ఆటకు ఒక హద్దు ఉంది. గలిలీ ప్రాంతంలో 2003 నుండి అరబ్బు, యూదు పిల్లలు ఒకే సర్కస్‌లో కలిసి శిక్షణ పొందారు. మంచిదే. 2006లో ఫలస్తీనీయులు తమ సొంత సర్కస్ పాఠశాల స్థాపించుకున్నారు. అందులో వికలాంగ బాలలకు నేర్పే ముహమ్మద్ అబూ సఖాను ఇజ్రాయెల్ సైన్యం 2015 డిసెంబరులో పట్టుకుని, విచారణ జరపకుండానే 2017 ఆగస్టు వరకు నిర్బంధించింది. పిల్లలు కలిసి గంతులు వేసినంతనే పెద్దలు చేసే అన్యాయం తుడిచిపెట్టుకుపోదు. ఆటను న్యాయానికి బదులుగా చూపేవారిని నమ్మరాదు.

మన వద్ద అనంతపురంలో 2010లో టెన్నిస్ క్రీడాకారుడు రఫాయెల్ నాదల్ సంస్థ, ఆర్.డి.టి.తో కలిసి పేద పిల్లలకు టెన్నిస్, ఇంగ్లీషు, కంప్యూటర్ నేర్పే కేంద్రం తెరిచింది. దానికి కోర్టు కావాలి, రాకెట్లు కావాలి. బంతులు ఎగరవేయడానికి పాత గుడ్డలో రాగులు పోసి కుట్టిన మూడు ఉండలు చాలు. మొదట్లో పలుచని చేతిరుమాళ్ళు వాడితే మరీ మేలు. మెల్లగా పడతాయి గనుక చిన్నవారికి సులువు.

ఇది దీనికి తగునా అని సందేహించే తల్లిదండ్రులకు ఒక్క సంగతి. పండుగ దినాన హబషీలు మస్జిదె నబవీలోనే ఈటెలతో ఆడగా, దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)కు ఆ ఆట చూపించారని బుఖారీలో ఉంది. ఎదిగిన ఆడపిల్లలకు వేరుగా సమయం, తగిన దుస్తులు, మహిళా శిక్షకురాలు ఉంటే చాలు.

ఇక నేర్పేదెవరు? గడ ఎక్కిన ఆ కుటుంబాల వారసులు ఈ జిల్లాలో ఇంకా ఉన్నారు. కొందరి ఒంట్లో ఆ విద్య నేటికీ ఉంది. మస్జిద్ కమిటీ, బడి పెద్దలు కలిసి వారిలో ఒకరిని పిలవవచ్చు. గింజలు కొలిచి కాదు, నెలజీతం మాట్లాడి, పిల్లల చేత ఉస్తాద్ అని పిలిపించి.