లేజర్ పెడితే కన్ను కాలిపోతుందా?

"లేజర్ పెడితే కన్ను కాలిపోతుందంట గదండీ?" బంటుమిల్లి చుట్టుపక్కల ఊళ్ళలో షుగర్ ఉన్నవారికి కంటి లేజర్ కావాలని చెప్పినప్పుడల్లా మాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. "అబ్బే, అదేం లేదు" అని పంపేయడం మాకు ఇష్టం లేదు. కాలుతుంది. కావాలనే కాలుస్తారు. ఎక్కడ, ఎంత అన్నదే వైద్యం.

షుగర్ వల్ల కంటి వెనుక రెటీనా పొరలో సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. ప్రాణవాయువు అందక అక్కడ కొత్త నాళాలు పుడతాయి. అవి బలహీనమైనవి, చిట్లి కంట్లో రక్తం చేరుతుంది. అందుకని చూపుకు కీలకమైన మధ్యభాగాన్ని వదిలేసి, చుట్టూ సాధారణంగా 1,200 నుంచి 1,600 చిన్న చుక్కలుగా వేడి తగిలిస్తారు. దీనివల్ల చూపు బాగా పోయే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన 1976లోనే తేల్చింది.

మరి ఎంత కాలిందో డాక్టరుగారికి ఎలా తెలుస్తుంది? కోడిగుడ్డు సొన పెనం మీద పడగానే ఏమవుతుందో తలచుకోండి. అద్దంలా ఉన్నది తెల్లబడుతుంది. రెటీనా కూడా అంతే. డాక్టరుగారు స్లిట్ ల్యాంపు వెలుతురులో, కంటికి ఆనించిన అద్దం గుండా ప్రతి చుక్కనూ చూస్తూనే ఉంటారు. లేత బూడిద తెలుపు వస్తే చాలు. సున్నంలా తెల్లబడితే వేడి ఎక్కువైనట్టు. ఏ మార్పూ రాకపోతే శక్తి కొద్దికొద్దిగా పెంచుతారు. శుక్లం ఉన్నా, కంట్లో రక్తం ఉన్నా కాంతి లోపలికి సరిగా చేరదు. కనుక ఒకరికి పెట్టిన అంకె ఇంకొకరికి పనికిరాదు. కాలే చోటును ఆ క్షణంలోనే కాంతితో కొలిచే పరికరాలపై పరిశోధనలు సాగుతున్నాయి గాని, మామూలు లేజర్ గదిలో ఇప్పటికీ డాక్టరుగారి కన్నే కొలబద్ద.

అందుకే ఈ పనిలో తొందర కూడదని మా అభిప్రాయం. "రొయ్యల చెరువు పట్టుబడి ఉంది, ఒక్క పూటలో కానిచ్చేయండి" అని అడగవద్దు. రెండు మూడుసార్లు రమ్మంటే డబ్బు కోసమని అనుకోవద్దు. ఒకేసారి ఎక్కువ కాలిస్తే మధ్యభాగంలో వాపు వచ్చి చూపు మసకబారవచ్చు. తప్పు మా వైద్యసిబ్బందిలోనూ ఉంది. "గడ్డం ఆనించండి, కదలకండి" అని గదమాయిస్తామే గాని ఎందుకో చెప్పం. చూపు తిప్పితే తర్వాతి చుక్క మధ్యభాగం మీద పడవచ్చని తెలిస్తే ఏ పెద్దాయన కదులుతారు?

లేజర్ పోయిన చూపును తేదు, ఉన్నదాన్ని కాపాడుతుంది. రాత్రిచూపు, పక్కచూపు కొంత తగ్గవచ్చు. ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోండి. వెళ్ళేటప్పుడు తోడుగా ఒకరిని తీసుకువెళ్ళండి. ఆ రోజు బండి నడపవద్దు. షుగర్ ఉన్నవారు చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి చుక్కల మందు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోండి.